మీ అమ్మమ్మ ఎక్కని ఓడ

"తాతయ్యా, మనింట్లో ఓడల్లో పనిచేసినవాడివి నువ్వొక్కడివే. ఈ రెండిట్లో ఏది బుక్ చేయమంటావో చెప్పు. రికార్డ్ చేస్తున్నా, మా ఆయనకి వినిపించాలి. నువ్వూ మాతో వస్తున్నావ్, అది గుర్తుపెట్టుకునే చెప్పు."

నేనా? నేనెక్కడికొస్తానమ్మా ప్రసన్నా, ఈ మోకాళ్ళతో. ముందా ఫోను ఇటు తే. ఇంకా దగ్గరికి తే, కనపడి చావదు. ఆఁ... ఇదేంటి, పెద్దది. పదహారు అంతస్తులా? జారుడుబల్లలు, సినిమా హాలు, ఏంటో ఇంకా... ఇది వైజాగ్ నుంచి బయలుదేరుతుందా. మూడు రాత్రులు. రెండోది? ఇది కాస్త పాతదల్లే ఉంది. సింగపూర్ దాకా విమానంలో వెళ్ళి అక్కణ్ణుంచి ఎక్కాలన్నమాట. ఏడు రాత్రులు. ఊఁ.

చూడమ్మా, ఈ బొమ్మల్లో చూపించేవన్నీ వదిలెయ్. జారుడుబల్ల మీద నువ్వు జారతావా, మీ ఆయన జారతాడా? మూడు రాత్రుల ఓడ మాత్రం ఎక్కకు. ఎందుకంటే, మూడు రాత్రులకోసారి జనమంతా దిగిపోతారు, దిగిన మధ్యాహ్నమే కొత్తవాళ్ళు ఎక్కేస్తారు. ఆ నాలుగైదు గంటల్లో వెయ్యి గదులకి దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్ళు మార్చాలి. కింద ఆరబెట్టే టైము ఉండదు. సగం తడి మీదే మడతపెట్టి పైకి పంపించేస్తారు. నువ్వు స్నానం చేసొచ్చి మొహం తుడుచుకుంటే ముక్కిపోయిన వాసన. ఏడు రాత్రులదైతే కింద పనిచేసేవాళ్ళకి కాస్త ఊపిరి ఆడుతుంది. ఏ ఓడ మంచిదో తెలియాలంటే దిండు గలీబు అంచు చూడాలి. అంచు సరిగ్గా కలిపి మడతపెట్టేరంటే ఆ ఓడలో మనుషుల్ని మనుషుల్లా చూస్తున్నారని. గది కింది అంతస్తుల్లో, ఓడకి నడి మధ్యన తీసుకో, ఊపు తక్కువ. బాల్కనీకి...

ఏంటీ?

ఆఫీసులో కూర్చునేవాడివి, తువ్వాళ్ళ సంగతి నీకెలా తెలుసు తాతయ్యా అంటావా.

అదేదో రికార్డవుతోందన్నావు కదూ. అవనీలే. ఆపకు. ఆపితే మళ్ళీ చెప్పలేను. డెబ్భై మూడేళ్ళొచ్చాయి నాకు, ఇంకెప్పుడు చెప్తాను.

నేను ఆఫీసులో కూర్చోలేదమ్మా. ఒక్కరోజు కూడా కూర్చోలేదు. లాండ్రీలో చేసేను. పదకొండేళ్ళు, రెండు ఓడల మీద, జనం వాడి పడేసిన దుప్పట్లు ఉతికేను. మీ అమ్మకి తెలీదు. మీ మావయ్యకీ తెలీదు. మీ అమ్మమ్మకి... అదే చెప్తున్నాను, ఉండు.

మా నాన్నగారు ఉపదేశి, నీకు తెలుసుగా. నర్సాపురం అవతల చిన్న ఊరు, తాటాకు పాక చర్చి. పాస్టరుగారు నెలకోసారి వస్తే మిగతా మూడు ఆదివారాలూ మా నాన్నగారే ప్రసంగం. జీతమంటావా, బియ్యం తప్ప ఏమీ మిగిలేది కాదు. ఆ బియ్యంతో నన్ను బీయే చదివించేరు. మా పేటలో మొదటి బీయే నేను. టైపు హయ్యరు కూడా పాసయ్యేను. పాసయ్యి ఏం లాభం, నాలుగేళ్ళు ఖాళీ. మీ అమ్మమ్మకి మిషన్ బడిలో టీచరు ఉద్యోగం. ఆవిడ జీతంతో ఇల్లు గడిచేది. పాలకొల్లు వెళ్ళి అప్లికేషను పడేసి రావాలంటే బస్సుకి అర్ధరూపాయి, ఆ అర్ధరూపాయి కూడా ఆవిణ్ణే అడగాలి. ఆవిడ ఒక్కమాట అనేది కాదనుకో. నేను అడక్కముందే గూట్లో పెట్టి బడికి వెళ్ళిపోయేది. అదింకా బాధ నాకు.

అప్పుడు తణుకతను ఒకడు, మా క్లాస్‌మేటు... కాదు కాదు, వాడి బావమరిది, బొంబాయిలో ఓడల ఏజెంటు దగ్గర ఉండేవాడు. ప్రయాణాల ఓడల్లో క్లర్కులు కావాలి రమ్మని రాసేడు. వెళ్ళేను. తీరా వెళ్ళేక ఏజెంటు, క్లర్కులు నిండిపోయారు, లాండ్రీలో ఖాళీ ఉంది, ఎక్కెయ్, ఆరు నెలల్లో ఆఫీసుకి మార్పించుకోవచ్చు అన్నాడు. నమ్మేను. నమ్మకపోతే వెనక్కి రావాలి, మళ్ళీ గూట్లో అర్ధరూపాయి. ఓడెక్కే ముందు ఇంటికి ఉత్తరం రాసేను, క్లర్కు ఉద్యోగం వచ్చిందని. అబద్ధం ఆడదామని కాదమ్మా. ఆరు నెలల్లో నిజమైపోయేదే కదా, ముందే రాస్తున్నాను అనుకున్నాను.

అక్కడ నేనొకటి మర్చిపోయేను. మనవాళ్ళలో ఉద్యోగం వస్తే ఏం చేస్తారు? కవర్లో కృతజ్ఞత కానుక పెట్టి చర్చిలో ఇస్తారు కదా. మా నాన్నగారు ఆ ఆదివారమే పది రూపాయలు కవర్లో పెట్టి, పైన రాసి ఇచ్చేరట. పాస్టరుగారు వచ్చిన ఆదివారం అది. ఆయన బలిపీఠం ముందు నిలబడి, మన ఉపదేశి గారి కుమారునికి ఓడలో క్లర్కు ఉద్యోగం దయచేసినందుకు దేవునికి స్తోత్రం అని చదివితే, సంఘమంతా ఆమెన్ అన్నారట. ఈ సంగతంతా మీ అమ్మమ్మ ఎంతో సంతోషంగా ఉత్తరం రాసింది. నేను దాన్ని లాండ్రీలో, మూటల మీద కూర్చుని చదివేను.

అయిపోయిందమ్మా అక్కడితో. మనుషులతో ఆడిన అబద్ధమైతే ఎప్పుడో దిద్దుకోవచ్చు. దేవుడికి స్తోత్రం చెల్లించేసేక, అయ్యా అది నిజం కాదండి అని మా నాన్నగారు మళ్ళీ లేచి నిలబడాలా? చచ్చిపోయేవారు ఆయన. ఆరు నెలలయింది, ఏడాదయింది, ఆఫీసూ లేదు ఏమీ లేదు. ఇక్కడ మాత్రం ప్రతి ఆదివారం ప్రార్థనలో నా పేరే. మొదట్లో 'ఓడలో క్లర్కుగా' అనేవారట, రెండేళ్ళకి 'ఓడలో ఆఫీసరుగా పనిచేస్తున్న మా సహోదరుడు' అయిపోయేను. ప్రమోషను ఇచ్చింది సంఘమే. నవ్వకు.

పది నెలలు అక్కడ, రెండు నెలలు ఇక్కడ. వచ్చినప్పుడల్లా మీ అమ్మమ్మకి ఓడ కబుర్లే కావాలి. ఏవండీ, మీ ఆఫీసు కిటికీలోంచి సముద్రం కనపడుద్దా? కనపడుద్ది. పొద్దున్నే ఏ రంగులో ఉంటుందండీ? నేనేం చెప్పను. లాండ్రీ నీటి మట్టానికి కింద. కిటికీ అనేదే లేదు. దుప్పటి ఇటు పెడితే అటు ఇస్త్రీ అయి వచ్చే పెద్ద రోలర్లు, ఆ సెగ, ఆ చప్పుడు, అంతే. చేతులు కాలేవి. ఈ మచ్చ చూసేవా, ఇది టీ ఫ్లాస్కు ఒలికిందని చెప్పేను ఆవిడకి. నమ్మింది. ఏం చెప్పినా నమ్మేది.

ఆవిడ సముద్రం చూసిందంటే పేరుపాలెం బీచిలో ఒకసారి, బడి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు. అందుకే ప్రతిసారీ అడిగేది, ఒక్కసారి నన్ను మీ ఓడ ఎక్కించండి, మీ కుర్చీ చూడాలి అని. నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళమని అడగలేదమ్మా ఇంకెప్పుడూ. ఇదొక్కటే అడిగింది. కంపెనీ ఒప్పుకోదు అనేవాణ్ణి.

ఒప్పుకుంది. ఆరో ఏడు ఒప్పుకుంది. బాగా పనిచేసిన వాళ్ళకి ఒక కాయితం ఇచ్చేరు, భార్యని ఒక ట్రిప్పు తెచ్చుకోవచ్చు, పది రాత్రులు, గదీ భోజనం వాళ్ళదే అని. నాతోపాటు రోలరు దగ్గర చేసే కేరళ అతను ఒకడికీ వచ్చింది. అతను తీసుకొచ్చేడు వాళ్ళావిణ్ణి. ఆవిడ రెండోరోజే చరచరా కిందికి దిగి లాండ్రీలోకి వచ్చేసింది. అబ్బ ఏం వేడి ఇక్కడ అని కొంగుతో వాళ్ళాయనకి విసిరింది. అందరం చూస్తున్నాం. అతను సిగ్గుపడతాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. రోలరు పక్కన ఇద్దరూ నిలబడి ఫొటో తీయమన్నారు. నన్నే తీయమన్నారు. తీసేను.

నా కాయితం అప్పటికే చింపేసేను.

ఆవిడ వస్తే చూస్తుంది. చూసి నాతో ఒక్కమాట అనదు, నాకు తెలుసు. కానీ ఊళ్ళో దిగిన ఆదివారమే చర్చిలో అడుగుతారుగా, ఉపదేశి గారి కోడలు ఓడెక్కి వచ్చిందిట, మీ ఆయన గది ఎలా ఉందమ్మా, కుర్చీ ఎలా ఉందమ్మా అని. ఆవిడకి అబద్ధం ఆడటం చేతకాదు, నిజం చెప్తేనేమో, బీయే చదివి బట్టలు ఉతుకుతున్నాడా అంటారు. అంటే అననీ అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. వట్టి వెధవని నేను.

ఇంకోటి చెప్తాను. చర్చిలో సంస్కారం, ఆ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆదివారాలకని ఆవిడకొక తెల్ల చీర ఉండేది. ఎవరి పెళ్ళి భోజనంలోనో దాని మీద కూర ఒలికింది, పసుపు మరక. పెరట్లో కూర్చుని సబ్బు పెట్టి రుద్దుతోంది. పసుపుకి సబ్బు పెడితే ఎర్రగా తిరుగుతుంది, ఎండలో వేస్తే దానంతటదే పోతుంది. అలాంటివి వేలు చూసేను నేను. అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుని చూస్తూ ఊరుకున్నాను. చెప్తే, మీకెలా తెలుసు అంటుందని. పాడైపోయిందండీ అని ఏడుస్తూ ఆ చీర ఎవరికో ఇచ్చేసింది. నేను పేజీ తిప్పేను.

ఓడ పని మానేసి వచ్చేసేక చెప్పొచ్చు కదా అంటావు. కోర్టు దగ్గర టైపు, జిరాక్సు షాపు పెట్టుకున్నాను. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం. మా నాన్నగారు పోయేరు. ఆ పాస్టరుగారూ పోయేరు. ఎవరి ముందు సిగ్గుపడాలో వాళ్ళెవరూ లేరు, అయినా నోరు రాలేదు. అలవాటైపోయింది, అంతే.

ఆవిడ రిటైరయ్యేక ఏం చేసిందో తెలుసా? నువ్వప్పుడు ఇంటర్ అనుకుంటాను. మెయిన్ రోడ్డులో టూర్ల ఆఫీసుకి ఒక్కతీ వెళ్ళి రెండు ఓడల కాయితాలు తెచ్చింది. రంగు బొమ్మలవి. నీలాగే నా ముందు పెట్టి, మీకు తెలుసు కదండీ, రెండిట్లో ఏది బావుంటుంది, నా పెన్షను డబ్బుల్లోంచి నేనే పెడతాను అంది. నేను ఒకదానికి గదులు ఇరుకన్నాను. రెండోదానికి వాంతులవుతాయన్నాను. ఓడలంటేనే నాకు విసుగు, ఇంకేదన్నా చూడు అన్నాను. దేనికి భయమంటే, పాతవాడెవడైనా గుర్తుపట్టి, ఏయ్ లాండ్రీ అని పిలుస్తాడేమోనని. పాతికేళ్ళ తరవాత ఎవడుంటాడమ్మా అక్కడ? ఆవిడ సరేనండీ అని ఆ కాయితాలు తీసేసింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తరవాత రెండేళ్ళకే కదా జబ్బు. ఆసుపత్రికి నువ్వూ వచ్చేవు, కానీ ఆ రోజు లేవు. మధ్యాహ్నం, భోజనాలయ్యేక. మంచి నర్సు ఉండేది ఒక అమ్మాయి, ఆ అమ్మాయితో చెప్తోంది మీ అమ్మమ్మ, మా ఆయన ఓడలో ఆఫీసరమ్మా, సముద్రాలన్నీ చూసేరు అని. గొప్పగా చెప్తోంది, గొంతు రావట్లేదు పాపం. ఆ అమ్మాయి వెళ్ళిపోయేక నావైపు తిరిగి, ఏవండీ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి, ఇంక దాపరికం దేనికి అంది. తెలిసిపోయిందనుకున్నాను. తెలిస్తే బావుండునని కూడా అనుకున్నాను, దేవుడి తోడు.

నిజంగా ఎవరి భార్యనీ ఎక్కనిచ్చేవారు కాదా? ఒక్కరు కూడా రాలేదా? అని అడిగింది.

ఆ కేరళావిడ కొంగుతో విసరడం కళ్ళముందు కనిపించింది నాకు. ఇప్పుడు చెప్పు, ఇప్పుడన్నా చెప్పు అనుకున్నాను. నోరు తెరిచేను. లేదు, ఒక్కరు కూడా రాలేదు అన్నాను.

పోనీలెండి, అంది. నన్నొక్కదాన్నే తీసుకెళ్ళలేదేమో అనుకుంటూ ఉండేదాన్ని ఇన్నాళ్ళూ, అంది.

మర్నాడు మాట పడిపోయింది. ఆ తరవాత నాలుగు రోజులు.

ఏడవకు. నువ్వెందుకు ఏడుస్తావ్? ఇన్నాళ్ళూ అనుకుంటూ ఉండేదట, చూసేవా. నలభై ఏళ్ళు నా పక్కన పడుకుని, మా ఆయన నన్ను కావాలని తీసుకెళ్ళడం లేదు అనుకుంటూ ఉండేదట. నేను బట్టలు ఉతికేనని తెలిస్తే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. చేతులకి ఆముదం రాసేది. అంతే అయ్యేది. ఆ మాత్రానికి నేను...

వద్దు, నీళ్ళొద్దు.

ప్రార్థన చేసుకో తాతయ్యా అంటావేమో, చేస్తున్నాను. క్షమించమంటే దేవుడు క్షమిస్తాడనే చెప్పేవారు మా నాన్నగారు. దేవుడి సంగతి కాదమ్మా నాది. ఆవిడకి చెప్పాలి నేను. సమాధి దగ్గర చెప్పి చూసేను కూడా, పువ్వులు పెట్టి. మట్టికి చెప్పినట్టే ఉంది. మీ అమ్మకి చెప్తావా? చెప్పు. నీ ఇష్టం. ఎవరికి చెప్పినా ఒకటే ఇప్పుడు, వినాల్సిన మనిషి లేదు.

నేను రానమ్మా. బతిమాలకు. ఆవిణ్ణి ఎక్కించని ఓడ నేను టికెట్టు కొనుక్కుని ఎక్కనా? మీ ఆయన ఫోను చేస్తే ఒంట్లో బాలేదని చెప్పు. వద్దు, వద్దు, అలా చెప్పకు. తాతయ్య రానన్నాడని చెప్పు, ఎందుకో కూడా చెప్పు.

ఏది బుక్ చేసినా పరవాలేదులే. మీరిద్దరూ కలిసి వెళ్తున్నారు కదా. అతను ఏదన్నా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు తల్లీ, ఎంత చిన్నదైనా సరే, ఆ పూటే చెప్పెయ్. నూరేళ్ళు చల్లగా ఉండండి ఇద్దరూ. ఏదీ, ఆ తల ఇలా వంచు. దేవుడు నిన్ను... నిన్ను...

ఆపెయ్యమ్మా ఇంక అది.