బ్రిజిదా మగాళ్ళ వంటింట్లోకి వెళ్ళిన రోజు

ఆ మూతి అలా ముడుచుకోకు తల్లీ. అన్యాయం జరిగింది నీకు కాదు, మీ ముత్తవ్వ బ్రిజిదాకి, పందొమ్మిది వందల నలభై తొమ్మిది మొదలుకొని యాభై నాలుగు దాకా. నీకు జరిగిందల్లా ఏడో నెలలో ఒక సూది. కాస్త జబ్బ లాగుతుంది, రేపటికి పోతుంది. దానికింత రాగమా? కూర్చో, ఈ బఠాణీలు ఒలుస్తూ విను, చేతికి పనుంటే నొప్పి తెలీదు. ఫోటోలో చూశానంటావా ఆవిణ్ణి? ఆ ఫోటో నమ్మకు, అందులో నోరు మూసుకుని ఉంది. నేను ఎరిగిన బ్రిజిదా నిద్రలో కూడా ఎవరినో ఒకరిని తిడుతుండేది. రేవు గట్టు మీద పక్కపక్కన కూర్చుని వలలు బాగుచేసేవాళ్ళం, ఆవిడకి నాకన్నా ఇరవై ఏళ్ళు ఎక్కువ. ఆవిడ చెయ్యి ఒక కన్నం అల్లేలోపు నోరు నలుగురి పరువు విప్పేసేది. అదేమిటే, గింజలు గిన్నెలో వెయ్యమన్నాను గానీ నోట్లో కాదు. సరే తిను, ఇద్దరికి తింటున్నావు.

ఎక్కడున్నాను? ఆఁ, రమీరో. మీ ముత్తాత. స్పెయిన్ దక్షిణాదిలో సముద్రం ముఖమే ఎరగని ఊరినుంచి కూలికొచ్చి పడవెక్కాడు. మంచివాడు, మాట తక్కువ. బ్రిజిదా పక్కన ఇంకెవరికైనా మాట్లాడే సందు ఎక్కడిది? మన బాస్కువాళ్ళ సంగతి నీకు తెలుసుగా, కొండ అవతలి గొర్రె కూడా పరాయిదే మనకి. బ్రిజిదా నాన్నయితే పెళ్ళిరోజున చర్చి మెట్ల మీదే అన్నాడట, "పాలలో ఉప్పు వేస్తున్నావే బ్రిజిదా" అని. నలభై ఏడులో మీ తాత హోసెబా పుట్టాడు, గుమ్మడికాయలా ఉన్నాడు, అందరి నోళ్ళూ మూతపడ్డాయి. తరవాత ముగ్గురు పుట్టారు. పుట్టినప్పుడు ఏడ్చేవాళ్ళు, తెల్లారేసరికి కళ్ళు, గోళ్ళు, అరికాళ్ళు అన్నీ పసుపు. ఒక్కరూ వారం బతకలేదు. అప్పుడు తెరుచుకున్నాయి మళ్ళీ నోళ్ళు. కడుపుతో ఉండి పుల్లటి సిర్కాలో నానిన చేపలు తిన్నదని ఒకావిడ. వల దారం మెడలో వేసుకుందని ఇంకొకావిడ. ఇక వాళ్ళ నాన్న, "నే చెప్పలా? పరాయి రక్తం కలిస్తే విరిగిపోతుందని." ఊరంతా చివరికి ఆ మాట మీదే నిలబడింది. ఇంకా ఘోరం చెప్పనా, రమీరో కూడా నమ్మాడు. పసిపిల్లల్ని ఎత్తుకోవడం మానేశాడు, ఎవరి పిల్లలైనా సరే. ఎవరైనా చేతికిస్తే, "వద్దులే, చేపల వాసన" అనేవాడు. ఊరంతా చేపల వాసనేగా. యాభై ఎనిమిదిలో సముద్రంలో పోయాడు, ఆ నమ్మకంతోనే పోయాడు.

చల్లారిందే కాఫీ, ఇంకొంచెం పొయ్యనా? వద్దా. సరే. డెబ్బై ఒకటిలో మీ అమ్మమ్మ కార్మెలేకి మొదటిసారి నెల తప్పింది. అత్త మంచీ వేప తీపీ లేవంటారు గానీ, బ్రిజిదా కోడల్ని గాజు దీపంలా చూసుకుంది, తిడుతూనే అనుకో. "ఆ బుట్ట దించు గాడిదా" అనేది, తనే ఎత్తేది. బలవంతంగా బస్సెక్కించి దొనోస్తియా పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ రక్తం చూశారు. కార్మెలేది నెగటివ్, మీ తాతది పాజిటివ్. డాక్టరు చెప్పింది బ్రిజిదా నాకు గట్టు మీద ఇలా విప్పి చెప్పింది: "తల్లి రక్తానికి లేని గుర్తొకటి బిడ్డ రక్తానికి ఉంటుంది. మొదటి కాన్పులో ఆ రక్తం చుక్క తల్లిలో కలిస్తే, తల్లి ఒంట్లో కాపలావాళ్ళు ముఖం గుర్తుపెట్టుకుంటారు. మొదటి బిడ్డ తప్పించుకుంటాడు. రెండోవాడు అదే ముఖంతో వచ్చాడా, కడుపులోనే వెంటబడి కొడతారు. ఈ కొత్త సూది కాన్పయిన మూడురోజుల్లోపు వేస్తే, కాపలావాళ్ళు చూడకముందే ఆ చుక్కని ఊడ్చేస్తుంది." అంటే మొదటి బిడ్డ కోసం కాదు ఆ సూది, ఇంకా పుట్టని బిడ్డ కోసం. నాకూ మొదట ఎక్కలేదులే. బ్రిజిదా డాక్టర్ని అడిగిందట, "నా రక్తం కూడా చూడండి" అని. చూశారు. నెగటివే. "నాకూ వేస్తారా?" అందిట. "కాపలావాళ్ళు ఒకసారి ముఖం గుర్తుపట్టాక ఇది పనిచెయ్యదమ్మా" అన్నాడట ఆయన. ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటిదాకా ఒక్కణ్ణీ తిట్టలేదు. నాకు భయమేసింది.

ఈ సంగతి మగాళ్ళ భోజనశాలకి పాకింది. ఇప్పుడు ఆడవాళ్ళు కూడా పోతున్నారు గానీ, అప్పుడు పండగనాడు బల్ల దగ్గర కూర్చోనిచ్చేవాళ్ళు, వంటింటి గడప మాత్రం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలియని మొగుళ్ళు అక్కడ చేరి పీతలు వండుతూ రాజులైపోయేవాళ్ళు. దాని పెద్ద కషియానో, వంటలో మొనగాడు, ఒప్పుకోవాలి. నెగటివ్ రక్తం మనవాళ్ళలోనే ఎక్కువట, కార్మెలేది అదేనని వినగానే ఆపిల్ కల్లు గ్లాసు ఎత్తాడట, "అదీ అసలైన బాస్కు రక్తం, రోమనువాళ్ళు రాకముందు రక్తం" అని. అందరూ తాగారు. జబ్బుకి జేజేలు కొట్టడం నేను అప్పుడే విన్నాను. ఇక ఆ మందు, ముఖం గుర్తుపట్టేసిన వేరే తల్లుల రక్తంలోంచి తీస్తారట, అప్పట్లో మన వైపు దొరికేది కాదు. ఫ్రాన్సు రేవులో చేపలమ్మే పడవవాళ్ళ చేత ముందే తెప్పించింది బ్రిజిదా. చల్లగా ఉంచాలి, కానీ గడ్డ కట్టకూడదు, కడితే నీళ్ళతో సమానం. అందుకని చేపల మంచులో పెట్టడానికి లేదు. మా వీధిలో ఫ్రిజ్జన్నది ఒకటే, ఆ మగాళ్ళ వంటింట్లో. కషియానో పుచ్చుకున్నాడు, "జున్ను పక్కన పెడతాలే చెల్లెమ్మా, రాణిలా ఉంటుంది" అని.

సెప్టెంబరులో, శనివారం, కార్మెలేకి కొడుకు పుట్టాడు. మీ పెద్ద మామయ్య. మీ తాత సూరచేపల వేటలో ఉన్నాడు. బొడ్డు రక్తం పరీక్షకి పంపారు. మర్నాడు ఆదివారం పడవపందేల్లో మన కుర్రాళ్ళు గెలిచారు, ఇక ఊళ్ళో మగాడన్నవాడికి ఒంటి మీద తెలివి లేదు. సోమవారం మధ్యాహ్నం నర్సు ఫలితం పట్టుకుని బస్సు దిగింది, "బిడ్డది పాజిటివ్. మందేది? నేను ఆరింటి బస్సుకి పోవాలి" అంది. బ్రిజిదా భోజనశాలకి నడిచింది, వెనకాల నేను. లోపల విందు, పాటలు, పొగ. కషియానో గడప మీద నిలబడ్డాడు, నడుముకి గుడ్డ.

"నా డబ్బా ఇవ్వన్నా."

"ఇస్తా చెల్లెమ్మా, పులుసు మరుగుతోంది, ఇప్పుడు వదిలితే చెడుతుంది. నువ్వు రాకూడదు, నీకు తెలుసుగా. భోజనాలయ్యాక నేనే తెస్తా."

"ఎప్పుడవుతాయి?"

"పాటలయ్యాక."

"పాటలెప్పుడవుతాయి?"

"గెలిచిన పాటలమ్మా అవి, చెప్పలేం." లోపలెవడో నవ్వాడు. అంతలో ఆయన భుజం మీదుగా చూసింది బ్రిజిదా. ఒకడు పీతల తట్ట పెట్టడానికి చోటు చాలక, ఆ డబ్బాని తీసి పైన మంచు అరలో తోస్తున్నాడు. ఇక ఏముంది, కషియానోని తలుపులా పక్కకి నెట్టి లోపలికి పోయింది. ఆ గడప దాటిన మొదటి ఆడది. వాడి చేతిలోంచి డబ్బా లాక్కుని, సీసా వెలుతురుకి పట్టి తిప్పి చూసింది. ఇంకా గడ్డ కట్టలేదు, లోపల కదిలింది. అప్పుడు కూడా అరవలేదు సుమీ. మూల కూర్చున్న ముసలాడొకడు గొణిగాడు, "ఎవరి రక్తంలోంచి తీశారో ఏమో, పరాయి రక్తం ఎక్కిస్తారా మన పిల్లకి" అని. "ఎవరో తల్లి ఇచ్చింది తాతా, నాలాగే పిల్లల్ని పోగొట్టుకున్నదై ఉంటుంది, పేరు తెలిస్తే కాళ్ళు కడుగుతా" అంది. తరవాత అందరికేసీ తిరిగింది. "మీరు గ్లాసులెత్తిన ఆ అసలైన రక్తం నాది కూడా. నా ముగ్గుర్నీ తిన్నది అదే. రమీరోది కాదు. మీరు అన్నారు, ఆయన నమ్మాడు. ఇప్పుడు పాడుకోండి." కషియానో తలమీద టోపీ తీశాడు. పులుసు అడుగంటింది, ఎవరూ కలపలేదు.

నర్సు సూది వేసి ఆరింటి బస్సుకి పోయింది. మొగుడు దగ్గర లేడు, నొప్పి అంటూ కార్మెలే నీలాగే మూలిగింది. బ్రిజిదా, "మూలుగు, మూలుగు, నేనూ మూలుగుదామనే వెళ్ళాను గానీ నాకు సూది వెయ్యలేదు వాళ్ళు" అంది.

ఆ తరవాత రెండున్నరేళ్ళకి మీ అమ్మ. సూది వేశారు సరే, పనిచేసిందో లేదో రెండో బిడ్డ పుడితేగాని తెలీదు కదా. కాన్పు గదిలోంచి గుడ్డ చుట్టిన బిడ్డని తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది బ్రిజిదా. కళ్ళు చూసింది. గోళ్ళు చూసింది. అరికాళ్ళు చూసింది. అంతటితో వదలలేదు, రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, తెల్లారాక మళ్ళీ కిటికీ దగ్గరికి. ఎర్రగా, దుంపలా, గొంతు చించుకుంటూ ఉంది మీ అమ్మ. వారం గడిచింది, రంగు మారలేదు. ఎనిమిదో నాడు బ్రిజిదా మంచి పూల గౌను వేసుకుని పేరు రాయించడానికి తనే పోయింది, నన్ను తోడు రమ్మంది. దారిలో వాళ్ళూ వీళ్ళూ, "ఏం పేరమ్మా?" అంటే చెప్పింది. "అదేమిటి, మనవాళ్ళ పేరు కాదే" అన్నారు. "మనవాళ్ళదే" అంది. ఆఫీసులో గుమాస్తా కలం ముంచి తలెత్తాడు. బల్ల మీదికి వంగి, ఒక్కో అక్షరం వాడు రాస్తుంటే చూస్తూ నిలబడింది. రమీరా. పుట్టింది, 1974 ఫిబ్రవరి 19, మంగళవారం.