గూట్లె పెట్టిన సూదులు

చంద్రవ్వ గడ్డపార పక్కకేసి కూసున్నదంట. వానలకు నడిమి గోడ ఉబ్బితే తన దిక్కు నుంచి తవ్వుతున్నది, లోపల ఏందో తగిలింది. చెయ్యి పెట్టి తీస్తే నల్ల ఉన్ని ముద్ద. ఇప్పితే మూడు సూదులు, తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కున్నయి. మన కురుమోళ్లు గొంగడి రెండు పట్టెలుగ నేసి అతుకుతరు గద, ఆ సూదులే, ఇగో ఇంత పొడుగు అనుకో. అప్పుడు సమజైందామెకు, తన తల్లి దొంగ కాదని.

ఏమైందంటే, ఆమె తల్లి లచ్చవ్వ, గోడవతలి బీరవ్వ తోడికోడండ్లు. అత్త పోతూ పోతూ ఈ సూదులు ఇద్దరికీ కలిపి ఇచ్చిపోయింది. ఒగనాడు పొద్దుగూకినంక బీరవ్వ అడిగిందంట, అక్కా సూదులియ్యి అని. సూది చేతికియ్యరు గద, కొట్లాటయితదని? లచ్చవ్వ ఉన్నిల చుట్టి నడిమి గోడకున్న బీరవ్వ దీపం గూట్లె పెట్టి, అండ్లున్నయి తీస్కో అన్నది. పొద్దున తీస్కుంట అన్నది బీరవ్వ. ఇంట్ల మరిది పెండ్లి పనాయె. గూడు మసిబారిందని శీకట్లనే లేసి దాన్ని మట్టితోని మూసేసి, ఇంకో దిక్కు కొత్త గూడు చేసింది. మసి నలుపు, ఉన్ని నలుపు, ఏం కనవడ్తది? పగటీలి సూదులు యాదికొచ్చి కొత్త గూట్లె సూసింది, లెవ్వు. ఇంకేముంది, నువ్వే దాసుకున్నవని వాడకట్టంత చాటింది. కోపం మీదున్న మనిషికి మూసిన గూడు యాదికొస్తదా? దొంగ అన్నంక లచ్చవ్వ బీరవ్వ అర్రల కాలు పెట్టలె. గొంగళ్లు కుట్టే కాడ ఎవ్వరూ పక్కన కూసోనియ్యలె ఆమెను. ఆ పేరుతోనే కాటికి పోయింది, పాపం.

చంద్రవ్వ ఏడ్వలె, ఒర్లలె. సక్కగ పోయి సూదులు బీరవ్వ ముంగట పెట్టింది. జాతరల కొత్తయి కొని ఉప్పునీళ్లల నానేసినవ్ అన్నదంట ముసల్ది. చంద్రవ్వ తుప్పు గీకి బెజ్జం సూపిచ్చింది. అంగట్లది గుండ్రంగ నున్నగుంటది, ఇది కమ్మరి పొడిసిన బెజ్జం, ఒక దిక్కు అంచు లేసింది. పాతయే అయితయి, ఎవలింట్లనో తెచ్చి ఇప్పుడు పెట్టినవ్ అన్నది బీరవ్వ. మొండిది గద. చంద్రవ్వ అంతకన్న మొండిది. వాడకట్టు ఆడోళ్లను పిలిసి, కొడవలి పట్టుకొని బీరవ్వ అర్రలకు నడిసింది. ఈ దిక్కు గోడ ఎట్లున్నది అట్లనే ఉన్నది. గూడుండె జాగల సున్నం పొరలు ఒక్కొక్కటే గీకవట్టింది. తెలుపు గీకితే తెలుపు, దాని కింద ఎర్ర జాజు, మల్ల తెలుపు, ఆఖరికి నీలం. ఆ నీలం ఎవలు మర్వలె. మరిది పెండ్లికి బీరవ్వనే సున్నంల నీలిమందు కలిపింది, ఊరంత సూడనొచ్చింది. గూడు మీదికెల్లి ఆ నీలం యాడా పగుల్లేకుంట పోయింది.

“చిన్నమ్మా, ఈ నీలం కింది మట్టి ఎవలు మెత్తిన్రు?” అన్నది చంద్రవ్వ.

బీరవ్వ గోడ మీద చెయ్యి పెట్టిందంట. “నేనే బిడ్డా. శీకట్ల గూడు లోపల సూడకుంటనే మూసిన” అన్నది.

చంద్రవ్వ సూదులు తీసి, చెయ్యి పట్టు అన్నది. కింద పెట్టవే, కొట్లాటయితది అన్నది ముసల్ది.

“చేతికియ్యకుంట దూరం పెట్టినందుకే మా అమ్మ దొంగయింది. పట్టు.”

పట్టింది. ఆ సూదులు అరచేతిల పెట్టుకోని, లచ్చక్క దొంగ కాదని ఇల్లిల్లు తిరిగి తన నోటితోనే చెప్పొచ్చింది. చంద్రవ్వ ఎన్కనే నడిసింది, ఒక్కిల్లు కూడ ఇడువనియ్యలె.

నేనైతే ఇప్పటికీ సూది చేతికియ్య, కిందనే పెడ్త. కాకపోతే అవతలి మనిషి తీసుకునేదాంక ఆడికెల్లి కదల.