మీ మొహంలో గ్లూవాన్లు

అదిగో, మళ్ళీ మొహం తిప్పేసుకుంటున్నారు. కూరలో ఉప్పు సరిపోయిందా అని కదండీ అడిగాను, రాజరహస్యం ఏమైనా అడిగానా?

తెలుసులెండి, మిమ్మల్ని ఆ సంఖ్యకి కాపలా పెట్టారు. ల్యాబ్‌లో ఇంతమంది ఉండగా డైరెక్టరుగారికి మీరే దొరికారు. నిజాయితీపరులట. నిజాయితీపరుణ్ణి కట్టుకున్నదాని గతేమిటో ఆయనకేం తెలుసు, బ్రహ్మచారి.

పద్ధతి తప్పని నేననను. ఎలక్ట్రాన్లని మహావేగంగా ప్రోటాన్ల మీదికి విసురుతాం, అవి ఎటు చెదిరాయో చూసి లోపలేముందో లెక్క కడతాం. లెక్క కట్టేవాళ్ళకి జవాబు ముందే కనబడితే, తమకి నచ్చేదాకా సర్దుతూనే ఉంటారు. అందుకని కంప్యూటరు అసలు జవాబుకి ఓ దొంగ సంఖ్య కలిపి చూపిస్తుంది. అదేమిటో ఒక్కరికే తెలియాలి. రేపు మీటింగులో అందరి ముందూ దాన్ని తీసేస్తారు. అంతవరకూ ఈ ఇంట్లో ఉన్నది మొగుడు కాదు, కాపలాదారు.

ప్రోటాన్‌ని విడిపోకుండా పట్టి ఉంచే గ్లూవాన్లున్నాయే, అందులో వాటి వాటా అందరూ అనుకున్నదానికన్నా ఎక్కువని నేను ఊరంతా డప్పు కొట్టానా? కొట్టాను. రేపు కాదని తేలితే తల ఎక్కడ పెట్టుకోను? మీకేం, నా బోర్డు మీది అంకె చూశారు, మీ దగ్గరున్నది అందులోంచి తీసేశారు. జవాబు మీ కడుపులో భద్రంగా ఉంది.

మాట్లాడకపోతే ఏం, నా వృత్తే అది కదా. లోపలున్నది కనబడదు, ఏదో ఒకటి విసిరి ఎటు పోతుందో చూడాలి. మొన్న మీ అమ్మగారి మీద ఓ మాట విసిరాను. నిజమే అన్నారు. పెళ్ళయ్యాక ఆవిడ విషయంలో నాతో మీరు నిజమే అనడం అదే మొదలు. నిన్న కారు గోడకి గీకేశానన్నాను. పోనీలే అన్నారు. కారుకేమీ కాలేదండీ, మీరు వెళ్ళి చూడను కూడా లేదు. ఇవాళ పొద్దున చెప్పకుండానే గిన్నెలు కడిగారు. ఇంత జాలి మనిషికి ఊరికే పుడుతుందా?

కాస్త ఆ కంచం పక్కన పెట్టి వినండి.

సాయంత్రం ల్యాబ్‌కి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఎలక్ట్రాన్ల ఢీల్లో ఏవి లెక్కలోకి రావాలి, ఏవి వదిలెయ్యాలి అన్నది ఇవాళ్టిదాకా నా చేతిలోనే ఉంది కదా. వడపోత కొంచెం వదులు చేస్తే అంకె పైకి పోతుందని నాకు తెలుసు. చెయ్యి మీట మీదికి వెళ్ళింది కూడా. అబద్ధం ఎందుకు ఆడాలి.

అప్పుడు నవ్వొచ్చిందండీ. ఇలా మారిస్తే నేను కొలిచేది ప్రోటాన్‌ని కాదు, మీ జాలిని. దానికి గ్లూవాన్లెందుకు, కడిగిన గిన్నెలు చాలు.

ముట్టుకోలేదు. ఉన్నది ఉన్నట్టే లెక్కకి తాళం వేసి వచ్చాను. ఇక మార్చడానికి నాకూ వీల్లేదు.

ఊఁ, ఇప్పుడు ఊపిరి వదిలారు. చూశాన్లెండి. దానికి మాత్రం అర్థం వెతకను.

రేపు పరువు పోతే పోతుంది. ఒక్కటే అడుగుతాను. మీటింగులో నా ఎదురుగా కూర్చోకండి. సరిగ్గా నా వెనక కుర్చీలో కూర్చోండి. మీ మొహం నాకు కనబడకూడదు. మీరు మాత్రం అక్కడే ఉండాలి. నాకు భయంగా ఉంది.