ఎనిమిదేండ్ల లెటర్

బోధన్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి. మేనేజరు సతీష్‌బాబు గదిలోకి నర్సు అఖిల ఆ రోజు మూడోసారి వచ్చింది.

“మళ్ళీ వచ్చావా అమ్మా? చెప్పానుగా, డాక్టరుగారు ఊళ్ళో లేరని.”

“సంతకం మీరే పెడ్తరు గదా సార్. అప్లికేషన్‌కు ఐదు గంటల దాకనే టైం. మీసేవల బాలన్న ఫారం అంత నింపి కూసున్నడు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎక్కిస్తే అయిపాయె.”

“అంత హడావిడి ఏం ఉద్యోగమమ్మా?”

“సర్కారు నౌకరి సార్. దవాఖానలు తిరిగి తనిఖీ చేసే నర్సు పోస్టు.”

“అయితే రేపు మమ్మల్నే తనిఖీ చేస్తావన్నమాట.”

“నవ్వకుండ్రి సార్. బాపు పోయినసంది గదే పట్టుకోని సదివిన. మీకు తెల్వనిదా? మాక్లూర్‌ల ఉన్నది గూడ మన డాక్టర్ సారు దవాఖాననే గదా అని తీస్కపోయిండ్రు. రెండు గంటలు ఊపిరాడక కొట్టుకున్నడు. వార్డుల ఒక్క నర్సు లేకపాయె. నేనేమో ఈడ డ్యూటీల ఉంటి.”

“అవన్నీ ఇప్పుడెందుకమ్మా...”

“గా దినం డ్యూటీ ఎవరిదని మా తమ్ముడు వేణు ఏడాది సంది తిరుగుతుండు. పేరు చెప్తలేరు.”

“పోయినాయన తిరిగొస్తాడా? రేపు రా, చూద్దాం.”

“రేపొస్తే ఏం ఫాయిదా సార్? ఎనిమిదేండ్లు చేసిన ఈడ. ఒక్క కాయితం అడుగుతున్న. గంతే.”

“అదే... ఇక్కడ చేసినట్టు ఇవ్వలేనమ్మా.”

“ఇయ్యలేరా? ఎందుకియ్యలేరు?”

“మా కాగితాల్లో నువ్విక్కడ లేవు.”

“లేనా? పొద్దుగాల పదిమందికి సూదులేసింది ఎవరు సార్?”

“నువ్వే. కాదనట్లేదు. చేరినప్పుడు నీ ఒరిజినల్ సర్టిఫికెట్ తీసుకున్నాం కదా...”

“అందరియి పెట్టుకుంటరు గదా, మానేసి పోకుంట.”

“అది మాక్లూర్‌లో ఉంది. అక్కడికి చదువుకున్న నర్సు దొరకలేదు. తనిఖీకొస్తే చూపించాలిగా. నీ పేరు అక్కడ వేశాం.”

“నేను ఆడ కాలు పెట్టలే సార్. బాపును తెచ్చుకునే దినం తప్ప.”

“తెలుసమ్మా. అందుకేగా, ఇక్కడికి తనిఖీ వచ్చినప్పుడల్లా నీకు సెలవిచ్చింది.”

“నేను... నన్ను మంచిగ సూస్కుంటున్నరనుకున్న సార్.”

“లెటర్ కావాలంటే మాక్లూర్ పేరుతో ఇస్తా. ఎనిమిదేళ్ళూ అక్కడే చేశానని కింద నువ్వు సంతకం పెట్టాలి.”

“అబద్ధమైతది గదా.”

“వద్దంటే చెప్పు.”

“మల్ల నోటిఫికేషన్ పడేసరికి నాకు వయసు దాటిపోతది సార్. ఏం జెయ్యాలె? నాకేం సమజైతలేదు.”

“నేనేం చెప్పనమ్మా. నాదీ జీతమే.”

“ఇయ్యుండ్రి. యాడ పెట్టాలె సంతకం?”

“ఇక్కడ. ఆగు... ఆగమ్మా. పెట్టేముందు ఒకటి చెప్పాలి.”

“ఇంకేం చెప్తరు సార్? టైం అయితుంది.”

“మీ వేణు అడుగుతున్న పేరు... ఆ రోజు అక్కడి రిజిస్టర్లో వార్డు డ్యూటీ నీదేనని రాసుందమ్మా.”