రంపానికి కట్టిన తొడుగు

కూర్చో. ఆ మూట విప్పకుండా గుమ్మం పక్కన పెట్టు, నా మీదికి తేకు. మీ అమ్మ లోపల కుట్టు మిషన్ తొక్కుతోంది, లేచి వచ్చేదాకా మనకి టైముంది. ఏంటా ప్యాంటు మీద? చెయ్యి పెట్టి చూడు, పిండిలా లేదూ? రంపం గొలుసు పదునుగా ఉంటే చెక్క పెచ్చులు పెచ్చులుగా ఎగరాలిరా, ఇలా పౌడరు చల్లినట్టు రాలకూడదు. మొద్దు గొలుసుతో కోశావన్నమాట. పళ్లు కొరకవు గనక బలమంతా పెట్టి నొక్కి ఉంటావు. నొక్కినవాడే తూలి దాని మీద పడేది. ఆకురాయి పట్టడం రాదా నీకు? నవ్వుతావేం? మీ నాన్న వాడిన చైన్‌సా అటక మీంచి దించి, పెట్రోలు గొట్టం మార్పించి, స్టార్టయిందని సంబరం. పెరట్లో పడిన చెట్టు రేపు నువ్వే కోస్తావట. మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు, అందుకే వచ్చాను.

మీ నాన్న మాటెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుందిరా. అందరూ రంపంగారనే పిలిచేవాళ్లు. చెట్లు కొట్టి రాగానే తన కాళ్లు కడుక్కోడు, దాన్ని తుడుస్తాడు. గాలి పోయే జల్లెడ విప్పి బ్రష్షుతో దులుపుతాడు. ప్రతి పంటికీ ఒకేలా ఆకురాయి పడతాడు. గొలుసుకి నూనె అందుతోందో లేదో అని కాగితం ముందు రంపం తిప్పి, దాని మీద తుంపర పడితే గానీ ఊరుకోడు. ఆ కుర్చీ కాలు కదుల్తోంది, వెనక్కి వాలకు. మేకు కొట్టించమంటే ఈ ఇంట్లో వినేవాళ్లెవరు? ఏం చెప్తున్నాను... ఆఁ, ఒకసారి ముట్టుకున్నానని నాకు క్లాసు పీకాడు. "గొలుసు వేళ్లతో లాగి చూడు బావా, కాస్త పైకి రావాలి, వదిలితే టప్పున అతుక్కోవాలి. వేడి మీద బిగించకు, చల్లారాక ఇరుక్కుంటుంది." అన్నీ నిజమే. నువ్వూ అలాగే చెయ్యి. ఆయన చెప్పినదాంట్లో వంక పెట్టడానికి లేదు, అదే నా మంట.

మీ అమ్మ దుకాణాలన్నీ తిరిగి ఆయనకో కాళ్ల తొడుగు తెచ్చింది. తొడల ముందు దళసరిగా, లోపలంతా పీచు పొరలు. రంపం తగిలిందనుకో, ఆ పీచు బయటికొచ్చి గొలుసుకి చుట్టుకుని అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆయన ఒక్కసారి కట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. "ఇదేంటే, నన్ను బొంతలో చుట్టేశావు" అని విప్పేశాడు. మర్నాడు చూస్తే అది రంపానికి చుట్టి ఉంది! చెమ్మకి తుప్పు పడుతుందట. మా చెల్లి పోట్లాడింది, అన్నం పెట్టనంది. నేనూ తిట్టాను. "నా చేతిలో రంపం నా మాట వింటుంది బావా" అన్నాడు. వింటుందట, పెంపుడు కుక్క మరి.

బడి వెనక తోటలో కొమ్మ కోస్తున్నాడు ఆ రోజు. రంపం కొస దేనికీ తగలనివ్వకూడదు, తగిలితే ఎగిరి తంతుంది. పదిమందికి ఆ సంగతి చెప్పినవాడే. ఆకుల చాటున ఇంకో కొమ్మ ఉంది, కొస దానికి కొట్టుకుంది. ఎగిరొచ్చి తొడ మీద పడింది. నేను పరిగెత్తుకెళ్లేసరికి రంపం ఎక్కడుందో తెలుసా? నేల మీద ఆ కాళ్ల తొడుగు పరిచి, దాని మీద పెట్టి ఉంది. తెగాక పెట్టాడురా! తొడ అలా కారిపోతుంటే, ఇంజను ఆపి, మట్టంటకుండా దాన్ని దాని పక్క మీద పడుకోబెట్టాడు. ఆ గుడ్డతో తన తొడ గట్టిగా కట్టుకోవచ్చు కదా? ఆ బుద్ధి పుట్టలేదు మహానుభావుడికి. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

పరామర్శకొచ్చిన వడ్రంగి రంపం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎంత జాగ్రత్త గల మనిషండీ, ఒక్క గీత లేదు" అన్నాడు. మెడ పట్టి వీధిలోకి నెట్టాను. నువ్వప్పుడు మీ అమ్మ చంకలో ఉన్నావు. జాగ్రత్తట, జాగ్రత్త.

ఏదీ, నువ్వు దేంట్లో చుట్టి తెచ్చావో చూడు. అదే కదా? నువ్వూ దానికే కట్టావు. ఛ, అది నీకు కట్టమనడం లేదు, ఇన్నేళ్లు నూనె తాగి పీచంతా అట్టకట్టింది, ఇక అది దేన్నీ ఆపదు. అవతల పారెయ్. మీ అమ్మ ఇందాకట్నుంచి ఏం కుడుతోందనుకున్నావు? కొత్తది తెప్పించింది. పిచ్చిది, మీ నాన్న ఒడ్డూ పొడుగూ చెప్పి తెప్పించింది, నీ బక్క నడుముకి నిలుస్తుందా అది? పట్టీ కురచ చేస్తోంది. దళసరి పొర మీద సూది పడనివ్వకు, పాడవుతుందని నేనే చెప్పాను.

మిషన్ ఆగింది. వస్తోంది. లే, నిలబడు. మాట్లాడకుండా కట్టించుకో. ఆ అద్దం వైపు చూడకు.