ఏడో తలుపు వెనక

1990 ఆగస్టు నెల, సాల్మియాలో మూడో అంతస్తు ఫ్లాటు. ఇరాకు సైన్యం కువైట్లోకి వచ్చి మూడు వారాలైంది. కడప నుంచి వచ్చిన రెడ్డెమ్మ, తను మామా అని పిలిచే యజమానురాలిని సామాన్ల గదిలో దాచి, ఆ తలుపు కనపడకుండా టీవీని బల్లతో సహా అడ్డం పెట్టింది. పక్క ఫ్లాటువాళ్ళు ఊరు దాటిపోతూ వదిలేసిన జగిత్యాల భీమవ్వకు కూడా ఇప్పుడు ఇదే ఇల్లు. మధ్యాహ్నం పూట ఇద్దరూ ఆ టీవీ ముందే కూర్చుని, అందులో వచ్చిన నక్షత్రాల సీరియల్ కథ మీద వాదులాడుకుంటూ బియ్యం ఏరుతున్నారు.

"అది కాదు మే భీమవ్వా. డబ్బా మనిషికి తాళంచెవి ఇచ్చింది నీలం మొగం డాక్టరమ్మ. కెప్టెన్ గాదు."

"కెప్టెనే. నేను జూసిన గదక్కా. గడ్డపాయినె ఇచ్చిండు."

"నువ్వు చూసింది మీ ఇంట్లో. ఆ ఇంటి పిల్లోళ్ళు నీకు ఏం చెప్పిరో ఏమో. డబ్బా మనిషి కెప్టెన్‌కు తమ్ముడంట. శాపం తగిలి రేకు డబ్బా అయినాడంట. ఎవురన్నా నమ్మే మాటేనా?"

"మనుషులు ఓడెక్కి చుక్కల నడుమ తిరుగుతున్నరంటె నమ్మినవు. డబ్బ తమ్ముడంటె నమ్మవా?"

"మా మామా ఇంగ్లీషు చదువుకున్న మనిషి మే. ప్రతి బుధవారం, ఆరేండ్లు, నన్ను పక్కన కూచోబెట్టుకుని మాట మాటకూ అరబ్బీలో అర్థం చెప్పింది. మధ్యలో నేను దగ్గితే దిండు ఇసిరేది. ఆ సీరియల్ ఇంకొకరు తప్పు చెప్తే ఆయమ్మకు పాణం మీదికొస్తుంది. సొంత చెల్లెలితో దీని కాడే తగువు పడి, రంజాన్ నెలంతా మాట్లాడలేదు."

"అక్కా, లోపట తడుతున్నది."

"ఎన్ని తట్లు?"

"మూడు."

"ఒక తట్టుకు నీళ్ళు. రెండు తట్లకు బాత్రూము. మూడు తట్లు మేము అనుకోలేదే. మామా, ఏం గావాల?"

"డాక్టరూ ఇవ్వలేదు, కెప్టెనూ ఇవ్వలేదు. తాళంచెవి మొదటి నుంచీ డబ్బా మనిషి పొట్టలోనే ఉంది. ఎన్నిసార్లు చెప్పాలి రెడ్డెమ్మా నీకు?"

"మామా, మెల్లగా."

"తప్పు చెప్తూ ఉంటే వింటూ కూర్చోమంటావా? ఇక్కడ ఉల్లిగడ్డల మధ్య నాకు వేరే పనేముంది?"

"అద్దో, ఆరేండ్లకు ఈయమ్మకు మన తెలుగు గూడా పట్టుబడిపాయె. మూడు తట్లంటే కథ తప్పని అర్థమంట. నేర్చుకో భీమవ్వా."

"జర నవ్వొస్తున్నది గని అక్కా, నిన్నటి ఇరాకు సిపాయోడు ఇయ్యాల వస్తనన్నడు, యాదున్నదా?"

"ఉండాది. మూడో పూట నమాజు అయినాక వచ్చి టీవీ తీసుకపోతా అన్నాడు."

"టీవీ జరిపితె తలుపు కనవడ్తది."

"తలుపు తీస్తే మామా కనపడుతుంది. ఈయమ్మ మొగుడు, మన బాబా, పోలీసు ఆఫీసరు. ఆయప్ప యాడ దాంకున్నాడో చెప్పేదాకా ఈయమ్మను ఇడిచిపెట్టరు. కింద అంతస్తులో ఉండే ఆయమ్మను జీపెక్కించుకుని పోయి పది దినాలాయె. వచ్చిందా?"

"రాలే."

"మరి? టీవీ ఈడ్నుంచి కదలగూడదు. వైరు పీకి పెట్టినా. చెడిపోయింది అని చెప్తా. బదులు ఊడ్చే మిషను ఇస్తా."

"టీవీకని వచ్చినోడు చీపురు తీస్కపోతడా?"

"కరెంటు చీపురు మే. మామా, ఇనబడుతుందా? వాడు ఉన్నంత సేపు ఒక్క తట్టు గూడా తట్టగూడదు. నా మీద ఒట్టు పెట్టు."

"వల్లాహి, తట్టను."

"కథ ఎవురు ఎంత తప్పు చెప్పినా?"

"తట్టనన్నాను కదా."

"అక్కా, మెట్ల మీద బూట్లు."

"నువ్వు నోరు తెరవద్దు. నాకు అరబ్బీ వచ్చు, నేను మాట్లాడతా. యల్లా, తలుపు తియ్యి."

వచ్చినవాడు ఒక్కడే, నిన్నటివాడే. అతనివన్నీ అరబ్బీ మాటలు.

"సలాం ఖాలా. టీవీ ఇదే కదా?"

"అక్కా, ఖాలా అంటున్నడు. చిన్నమ్మ అన్నట్టే గద?"

"నోరు తెరవద్దన్నానా లేదా? ఇదే నాయనా. చెడిపోయింది. పనికిరాదు."

"నిన్న చెప్పలేదే?"

"నిన్న నువ్వు అడగలేదు."

"ఎప్పుడు చెడిపోయింది?"

"మీరు రాకముందు బుధవారం దాకా బాగుండె. ఆపొద్దు నక్షత్రాల సీరియల్ చూస్తిమి, అదే కడసారి."

"ఏ సీరియల్?"

"మీకు తెలీదులే నాయనా. ఓడ, గడ్డం కెప్టెన్, డబ్బా మనిషి..."

"మీరు చూస్తారా ఖాలా?"

"నువ్వు చూస్తావా? మీది ఇరాకు గదా?"

"మాది బస్రా దగ్గర పల్లె. ఏరియల్ దక్షిణానికి తిప్పితే కువైట్ వస్తుంది. కానీ ఎవరో ఒకరు మేడ మీద దాన్ని పట్టుకుని నిలబడాలి. మొదటి సగం మా అన్న పట్టుకునేవాడు, రెండో సగం నేను. ఆరేళ్ళు ఇద్దరం చెరి సగమే చూశాం. మిగతా సగం ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళం. వాడు అన్నీ తప్పులే చెప్తాడు."

"తప్పు చెప్పేవాళ్ళు అన్ని ఇండ్లలోనూ ఉంటారులే. మరి ఆ బుధవారం చూసినావా?"

"సీరియల్ ఏడింటికి. మమ్మల్ని ఆరున్నరకు లారీ ఎక్కించారు. ఎక్కడికి అంటే కవాతుకు అన్నారు. తెల్లారేసరికి ఇక్కడున్నాం. ఖాలా, ఒక్కటి చెప్పు. ఏడో తలుపు తెరిచారా?"

"తెరిచినారు."

"తెరిచారా? ఆరేళ్ళుగా మూసి ఉన్నది?"

"కూచో నాయనా. ఆ స్టూలు మీద కాదు, ఇట్లా వంటింట్లోకి వచ్చి కూచో. చాయ్ తాగుతా ఇను."

"ఇక్కడే బాగుంది. టీవీ ఎదురుగా ఉంటే చూస్తున్నట్టే ఉంటుంది. చెప్పు, తాళంచెవి ఎవరిచ్చారు?"

"గడ్డపాయినె ఇచ్చిండు."

"భీమవ్వా."

"నాకు గూడ అరబ్బీ కొంచెం ఎర్కేనక్కా. డబ్బ మనిషి ఆయిన తమ్ముడే గద నాయినా?"

"తమ్ముడా? అదెలా? అది ఇనుము."

"శాపం తాకింది."

"మా ఊళ్ళో ఎవరూ ఇలా అనలేదు. ఖాలా, ఈమె వేరే సీరియల్ చూసినట్టుంది."

"దాని మాట ఇనొద్దు. తాళంచెవి యాడుండిందో తెలుసా? డబ్బా మనిషి పొట్టలోనే. మొదటి నుంచీ."

"నేను అదే చెప్పాను మా అన్నకు. నడిచినప్పుడల్లా లోపల గలగలమంటుంది కదా. మేకు ఊడిందన్నాడు వాడు. సరే, తలుపు తెరిచారు. లోపల ఎవరున్నారు?"

"లోపట ఒకామె... అబ్బా, కాలెందుకు తొక్కినవక్కా?"

"ఎవురూ లేరు నాయనా."

"అంటే?"

"ఖాళీ. దుమ్ము. పాత సామాన్లు. అంతే."

"అక్కా, గింత అబద్దమా?"

"తెలుగులో మెల్లగా అడుగు మే. తలుపు వెనక ఆడమనిషి ఉండాదని ఈ ఇంట్లో నా నోటితో నేను చెప్తానా? వాడి కండ్లు అటు పోవా?"

"సీరియల్ల సంగతి గదనే."

"తలుపు తలుపే."

"ఖాలా, మళ్ళీ చెప్పు. ఖాళీయా?"

"ఖాళీ."

"కెప్టెన్ ఏమన్నాడు?"

"ఏమంటాడు? మూసేసినాడు."

"ఆరేళ్ళు ఖాలా. ఎండలో, చలిలో, మేడ మీద ఇనుప కడ్డీ పట్టుకుని. ఒకసారి పిడుగు పడబోయింది. ఇదంతా ఒక ఖాళీ గది కోసమా?"

"సీరియల్ కదా నాయనా. బాధపడొద్దు. ఇంకొంచెం చక్కెర వేస్తా."

"వద్దు. ఖలాస్. ఇక చూడ్డానికి ఏముంది? చెడిపోయినా సరే, టీవీ తీసుకుపోతాను. మా దగ్గర బాగుచేసేవాడు ఉన్నాడు."

"నాయనా, ఆగు. దాని బదులు ఊడ్చే మిషను ఇస్తా. కొత్తది. చక్రాలు గూడా ఉండాయి."

"నాకు టీవీ తెమ్మని చెప్పారు. కాస్త ఆ పక్క పట్టు."

"బరువు నాయనా, నడుము పట్టుకుంటుంది. బల్ల కాలు ఇరిగుంది, కదిలిస్తే మీద పడుతుంది."

"నేను పట్టుకుంటాను. జరుగు ఖాలా."

"అక్కా, జరుపుతున్నడక్కా."

"ఖాళీ కాదు."

"అయిపాయె అక్కా. మామా గొంతు."

"ఖాళీ ఎలా అవుతుంది? సిగ్గు లేదా రెడ్డెమ్మా నీకు? కెప్టెన్ భార్య ఉంది లోపల. ఆరేళ్ళుగా చుక్క చుక్కా తిరిగి వెదుకుతున్నాడే, ఆ భార్య. తన సొంత ఓడలోనే, ఏడో తలుపు వెనకే ఉంది. పచ్చ దుప్పటి కప్పుకుని. దుమ్మట, పాత సామాన్లట."

"తట్టనని ఒట్టేసింది మే. మాట్లాడనని గూడా ఏయించుకోకపోతిని."

"ఖాలా. టీవీ మాట్లాడింది."

"చెడిపోయింది అని చెప్పినా గదా నాయనా. చెడిపోతే అట్లనే మాట్లాడుతుంది."

"వైరు గోడకు లేదు."

"అందుకే బొమ్మ రాలేదు."

"నన్ను చూసి చెప్పు ఖాలా. టీవీకి అడ్డంగా ఎందుకు నిలబడ్డావు?"

"ముసిలిదాన్ని నాయనా. నీయట్లాంటి బిడ్డలు ఉండారు నాకు. ఏం చేస్తావో నన్ను చెయ్యి. టీవీని ముట్టుకోవద్దు."

"టీవీని ఒక మాట అడగనా?"

"ఏం మాట?"

"తలుపు తెరిచాక ఆమె ఏమన్నది?"

"అక్కా, ఏందట?"

"ఆయమ్మ ఏమనిందో చెప్పాలంట. ఇంగ దాచి ఏం లాభం. చెప్పు మామా."

"'ఇంత ఆలస్యమా' అన్నది. ఆ ఒక్క మాటే. కెప్టెన్ నోరు తెరవబోయాడు, అక్కడితో ఆపేశారు. మిగతాది వచ్చే బుధవారం అన్నారు. ఆ బుధవారం మీరు రానిచ్చారా?"

"మామా, వాడితో తగువొద్దు."

"ఎందుకొద్దు? నాకు మాత్రం తెలుసుకోవాలని లేదా?"

"ఇంత ఆలస్యమా అన్నదా. బాగుంది. చాలా బాగుంది. మా అన్న ఆరేళ్ళూ ఖాళీ గదే అన్నాడు. లోపల మనిషి ఉందని నేను అన్నాను. ఇంటికి పోయి ఈ ఒక్క మాట వాడికి చెప్పాలి. ఖాలా, ఆ ఊడ్చే మిషను ఎక్కడ?"

"భీమవ్వా, పరిగెత్తు. పైపు గూడా తే."

"ఇగో నాయినా."

"దీని ముఖం డబ్బా మనిషిలాగే ఉంది."

"మేము దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాం నాయనా. తీసుకుపో. టీవీ మరి?"

"టీవీ పనికిరాదని చెప్తాను. మళ్ళీ గోడకు జరుపుకోండి, ఆ మూల తలుపు చెక్క కనపడుతోంది. బయట మీ గుమ్మం మీద సుద్దతో రాసిపోతాను, వెదికాం, ఖాళీ అని. ఈసారి లోపల్నుంచి ఎవరూ కాదనకూడదు."

"అనరు నాయనా. నేను చూసుకుంటా. నువ్వు చల్లగా ఉండు."

"ఇంకొకటి ఖాలా. టీవీని కొంచెం నోరు అదుపులో పెట్టుకోమను. రేపు వచ్చే మా ఆఫీసరు ఈ సీరియల్ చూడడు."