పని మధ్యలో భోజనం

నిరుద్యోగ భృతి కార్యాలయంలో విచారణ గది. సాయంత్రం. బల్లకి అటు అధికారిణి, ఇటు పని పోయిన వడ్రంగి మేస్త్రి.

“పదిహేడో తారీఖు, మంగళవారం. రెండు రొట్టెలు, బంగాళాదుంప కూర, ఉడకబెట్టిన గుడ్డు. చివర్లో అరటిపండిచ్చింది. సగం తిన్నాను.”

“సగమెందుకు?”

“మిగతా సగం ఆవిడ తింది. ఇంట్లో ఉన్నదే ఒక్క పండు. ఇది కూడా రాసుకుంటున్నారా?”

“రాయాలి మేస్త్రిగారూ. చెప్పింది చెప్పినట్టు రాయాలి. ముందా టీ తాగండి, చల్లారిపోతోంది.”

“నాకెందుకమ్మా ఇవన్నీ.”

“ఫ్లాస్కులో మిగిలిందే లెండి. తాగండి. అదిగో, మళ్ళీ తెరుచుకుంది. ఆ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టండి.”

“తలుపు జారిందమ్మా. పై మడతబందు దగ్గర...”

“బాబ్బాబు, తలుపుల జోలికి వెళ్ళకండి. ఒక తలుపు వల్లే కదా ఇవాళ కింద సంతకం పెట్టనివ్వకుండా పైకి పంపారు. చెప్పండి. ఆ పెద్దావిడ మీకేమవుతుంది?”

“ఏమీ కాదు.”

“దూరపు చుట్టం? మీ ఆవిడ తరఫున పిన్నిగారో, మేనత్తో?”

“మా ఆవిడ తరఫున మిగిలింది బావమరిది ఒక్కడే. వాడొక్కడే పదిమంది పెట్టు.”

“పోనీ పాత పరిచయం.”

“అదీ లేదు. పోయిన మంగళవారం ఇక్కడ సంతకం పెట్టి ఇంటికి నడిచి వెళ్తున్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి తలుపుతో కుస్తీ పడుతోంది. ఎనభై ఏళ్ళుంటాయి. తలుపు పడక రోజూ రాత్రి భోజనాల బల్ల అడ్డంగా జరుపుకుని పడుకుంటోందట. ఆ ఒంటికి బల్ల జరిపే ఓపికేదీ? ఇంటికెళ్ళి పనిముట్లు తెచ్చుకుని...”

“అది చెప్పకండి.”

“ఏది?”

“పనిముట్లు. పనిముట్లు తెచ్చుకుంటే పనికి వెళ్ళినట్టు.”

“పనికే కదా వెళ్ళాను.”

“మేస్త్రిగారూ, కొంచెం నా మాట వినండి. కొత్త పద్ధతి వచ్చింది మీకు తెలుసు. ఈ వారం పని చేయలేదు, పనికి బదులుగా డబ్బు గానీ వస్తువు గానీ భోజనం గానీ పుచ్చుకోలేదు అని వారం వారం రాసివ్వాలి.”

“తెలుసు. ఎందుకు పెట్టారో కూడా తెలుసు. ఆ హోటలాయన పదిమందిని తిండి మీద పెట్టుకుని, జీతాలు మీచేత ఇప్పించాడు.”

“పద్నాలుగు మందిని.”

“అలాంటివాళ్ళని పట్టుకోవాల్సిందే. ఆ రోజు గదిలో కూర్చుని నేనే అన్నాను, మంచిపని చేశారని.”

“ఎవరితో అన్నారు?”

“ఎవరున్నారమ్మా, గోడతో.”

“హోటలాయన తెలివైనవాడు. ఇప్పుడా పద్నాలుగు మందీ ఆయనకి బంధువులైపోయారు. బంధువులకి అన్నం పెడితే తప్పు లేదు, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. మాకు దొరికేది మీరు. పొద్దున ఒకావిడ వచ్చింది, పక్కింటి పసిపిల్లని చూసుకుని రెండు పూటలు తిన్నదని...”

“ఏమైంది ఆవిడకి?”

“మీ సంగతి చూద్దాం. ఇది ఆలోచించి చెప్పండి, తొందరేం లేదు. భోజనం ముందా, పని ముందా? ముందు భోజనం పెట్టి తర్వాత మాటల్లో తలుపు సంగతి వస్తే, అది మర్యాద. పని అయ్యాక పెడితే కూలి.”

“మధ్యలో.”

“మధ్యలో ఏమిటి?”

“తలుపు ఊడదీసి గోడకి ఆనించాను. అడుగు చిత్రిక పడుతున్నాను. చేతులు కడుక్కో నాయనా అంది.”

“మధ్యలో అనడానికి ఇక్కడ గడి లేదు మేస్త్రిగారూ.”

“మరి జరిగింది అదే.”

“ఆవిడ పెట్టకపోయినా తలుపు బాగుచేసేవారేగా?”

“చేసేవాణ్ణి.”

“హమ్మయ్య. అయితే భోజనానికీ పనికీ సంబంధం లేదు. ఇదిగో చూడండి, మొదటి గడి. ‘ప్రతిఫలంగా కాక, దయతో పెట్టిన భోజనం.’ దీని మీద టిక్కు పెట్టి కింద సంతకం చేస్తే అయిపోతుంది. వచ్చే మంగళవారం మామూలుగా రండి.”

“దయతోనా?”

“మాటదేముంది. ఊరికే పెట్టింది, తిన్నారు. అంతే.”

“రెండో గడిలో ఏముంది?”

“దాని జోలికి వెళ్ళకండి.”

“చదవమ్మా. కళ్ళజోడు తేలేదు.”

“‘పనికి బదులుగా పుచ్చుకున్న భోజనం.’ అది పెడితే ఇరవై ఆరు వారాలు భృతి ఆగిపోతుంది. మీ గది అద్దె దీంతోనే కడుతున్నారని రాసి ఉంది ఇక్కడ.”

“అవును.”

“ఆగిపోతే ఎక్కడికి వెళ్తారు?”

“బావమరిది దుకాణం వెనక గోదాముంది. పెయింటు డబ్బాల మధ్య ఒక మంచం పడుతుంది. వచ్చి పడి ఉండమన్నాడు.”

“మంచివాడే.”

“మంచివాడే. పడి ఉండమన్నాడు.”

“అందుకే చెప్తున్నాను. ఇదిగో పెన్ను. మొదటి గడి.”

“ముందు ఒకటి చెప్పండి. నా సంగతి మీకు చెప్పిందెవరు? ఆవిడ ఎదురింటి దర్జీయా?”

“అది చెప్పకూడదు.”

“బావమరిదా? వాడైతే చెప్పండి, ఏమీ అనను.”

“చెప్పకూడదన్నానుగా. మొదటి గడి మేస్త్రిగారూ.”

“నేను పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి ఎంతకాలమైందమ్మా, ఉంటుంది మీ కాగితాల్లో.”

“ఒక సంవత్సరం పది నెలలు.”

“మా ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. అప్పట్నుంచీ ఇంకో మనిషి వడ్డిస్తే తినడం ఆ ఒక్క పూటే. తారీఖు ఎలా గుర్తుందనుకున్నారు? సంవత్సరం పది నెలలుగా ఊరికే తింటున్నాననే అంటోంది లోకం. బావమరిదైతే మొహం మీదే అన్నాడు. నేనేమీ అనలేదు, నిజమే కదా. ఆ ఒక్క పూట ఊరికే తినలేదు. దాన్ని కూడా ఊరికే తిన్నట్టు రాయమంటారా?”

“కాగితం మీదే. ఆవిడ చూడదు, మీ బావమరిది చూడడు.”

“నేను పెట్టాలి కదా టిక్కు.”

“పోనీ నేను పెడతాను. మీరు అటు చూడండి.”

“మీ ఉద్యోగానికి మాటొస్తుంది. ఆ పెన్నిలా ఇవ్వండి. రెండోది ఏదీ, ఇదేనా?”

“కాదు.”

“ఇదే. మొదటిదాని కింద ఉన్నదే రెండోది. అంత చూపు ఉంది లెండి.”

“మేస్త్రిగారూ! అయ్యో, పెట్టేశారా?”

“సంతకం ఇక్కడేగా?”

“...ఇక్కడే.”

“తీసుకోండి. బాధపడకండి, మీరేం చేస్తారు. మీరు చాలా చెప్పి చూశారు.”

“ఇంక దాచి ఏం లాభం. ఈ ఉత్తరం వల్ల వచ్చింది ఇదంతా. చదువుతాను వినండి. ‘అయ్యా, మీరు పంపిన వడ్రంగి చాలా మంచివాడు. మెడలో మీ ఆఫీసు కార్డుంటే అందులో చూసి పేరు రాసుకున్నాను. మధ్యాహ్నమంతా పని చేశాడు. డబ్బిస్తే పుచ్చుకోలేదు, భోజనం మాత్రం చేశాడు. ఆయన్ని మెచ్చుకోవలసిందిగా కోరుతున్నాను.’”

“ఆవిడేనా?”

“ఆవిడే. మేమే పంపామనుకుంది.”

“ఇది మెచ్చుకోలు కదమ్మా!”

“ఏ ఉత్తరం వచ్చినా మాకు ఒకటే ట్రే. ఫిర్యాదుల ట్రే. మెచ్చుకుంటూ ఎవరూ రాయరు కదా అని రెండోది పెట్టలేదు.”

“తలుపు సంగతి ఏమైనా రాసిందా?”

“రాసింది. ‘వేలితో తోస్తే పడుతోంది. బల్ల మళ్ళీ కిటికీ దగ్గరికి జరిపించుకున్నాను.’”

“జరిపించుకుందా. అయితే మంచిదే. ఆవిడకి ఈ సంగతి తెలియనివ్వకండమ్మా. తెలిస్తే ఆ తలుపు వేసినప్పుడల్లా కుమిలిపోతుంది.”

“తెలియనివ్వను. పదండి, నేనూ తాళం వేసుకోవాలి. ఆ కుర్చీ తియ్యండి. ఈ తలుపుని రోజూ నాలుగు తన్నులు తంతేగానీ పడదు.”

“తన్నకండి. ఒక్క నిమిషం. స్క్రూ వదులైంది, రంధ్రం పెద్దదైపోయింది. అంతే జబ్బు.”

“వద్దు మేస్త్రిగారూ. సంతకం తడి కూడా ఆరలేదు.”

“ఇందులోకి చిన్న కర్రముక్క దోపితే పట్టేస్తుంది.”

“చెవిమీద పెన్సిలు! ఇంకా పెట్టుకునే తిరుగుతున్నారా?”

“అలవాటు.”

“అయ్యో, విరిచేశారే!”

“ఇంక దీంతో గీత గీసే పనేముంది. కొంచెం తలుపు ఎత్తి పట్టుకోండి. ఆఁ, చాలు. నాణెం ఉందా? స్క్రూ తిప్పడానికి... ఇదిగో, మీ నాణెం మీకు. ఇప్పుడు వెయ్యండి. తన్నకండి. వేలితో.”

“...పడిందా?”

“పడింది.”

“చప్పుడే రాలేదే! మేస్త్రిగారూ, నేనేమీ చూడలేదు. రేపు ఎవరడిగినా మొదట్నుంచీ ఈ తలుపు ఇలాగే పడేదని చెప్తాను. వెళ్ళిరండి.”

“అలా చెప్పకండమ్మా. ఇది కూడా రాసుకోండి. ఇరవై నాలుగో తారీఖు, మంగళవారం. ఒక టీ.”